రాగి అరగకపోతే ఏమవుతుంది?

పూజగదిలో రాగి చెంబుని వారం రోజులు తోమకుండా వదిలేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. చిలుము పడుతుంది. కాస్త చింతపండు, ఉప్పు పెట్టి రుద్దితే మళ్ళీ తళతళా మెరుస్తుంది. అలా రుద్దిన ప్రతిసారీ చెంబులోంచి పిసరంత రాగి పోతుందన్న సంగతి ఎవరం పట్టించుకోం. చెంబు మనవల కాలం దాకా ఉంటుంది, మనకేం బాధ?

కానీ రెండొందల ఏళ్ళ క్రితం ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం ఈ చిలుము గురించి చాలా పట్టించుకుంది. ఎంతగా అంటే, దేశంలో అందరికన్నా పేరున్న శాస్త్రవేత్తని పట్టుకుని ఇది ఆపే దారి చూపించమని అడిగింది. ఆయన చూపించాడు. సిద్ధాంతం కరెక్టు, ప్రయోగం కరెక్టు, రాగి అరగడం నిజంగానే ఆగిపోయింది. అయినా నాలుగేళ్ళు తిరక్కుండా ఆ పద్ధతిని ఓడలన్నిటినుంచీ పీకేశారు. ఇది ఆ కథ. దీనికీ, ఇవాళ్టి పడవల అడుగున ఉండే చిన్న చిన్న బెజ్జాలకీ దగ్గరి చుట్టరికం ఉంది. కాబట్టి ముందు ఆ బెజ్జాల సంగతి చూద్దాం.

పడవకి కావాలని బెజ్జం పెట్టడమేమిటీ అంటారా? లోపల ఇంజను ఉన్న పడవకి ఆ ఇంజనుని చల్లబరచడానికి నీళ్ళు కావాలి. చుట్టూ బోలెడు సముద్రం ఉంది కాబట్టి అడుగున ఒక బెజ్జం పెట్టి, అందులో ఒక కంచు గొట్టం బిగించి, నీళ్ళు లోపలికి లాగుతారు. ఏదన్నా తేడా వస్తే మూసెయ్యడానికి లోపలివైపు ఒక కవాటం ఉంటుంది, దాన్ని సీకాక్ అంటారు. మరుగుదొడ్డికి ఒకటి, మంటలార్పే పంపుకి ఒకటి, ఇలా ఓడ పెద్దదయ్యేకొద్దీ బెజ్జాలు పెరుగుతాయి. పెద్ద ఓడల్లో అయితే గొట్టం కాదు, గదంత తొట్టే ఉంటుంది.

ఇప్పుడు ఈ గొట్టాన్ని సముద్రజీవుల వైపునుంచి చూడండి. లోపల చీకటి, నీడ. అలల తాకిడి ఉండదు. పెద్ద చేపలు రావు. పంపు నడిచినప్పుడల్లా కొత్త నీళ్ళు, ఆ నీళ్ళతోపాటే తిండీ, ఆక్సిజనూ కాళ్ళ దగ్గరకే వస్తాయి. అద్దె లేని ఇల్లు, పైగా భోజనం ఫ్రీ. ఇంకేం కావాలి! బార్నకిల్స్, ఆల్చిప్పలు, సున్నపు గొట్టాలు కట్టుకునే పురుగులు వచ్చి స్థిరపడిపోతాయి. ముందు జల్లెడ పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెడతారు కూడా. కానీ బార్నకిల్ పిల్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, జల్లెడలోంచి హాయిగా దూరిపోతుంది. నచ్చిన చోటు దొరకగానే తల కిందకి పెట్టి జిగురుతో అతుక్కుని, చుట్టూ సున్నపు గోడ కట్టేసుకుంటుంది. ఆ తర్వాత జీవితమంతా కాళ్ళు బయటకి ఊపుతూ తిండి లాక్కోవడమే పని. డార్విన్ అంతటివాడు ఎనిమిదేళ్ళు వీటిమీదే కూర్చున్నాడంటే ఇవి మామూలు జీవులు కావు. చచ్చినా వదలవు, ప్రాణి పోయినా సున్నపు గూడు అక్కడే ఉంటుంది. గొట్టం సన్నబడుతుంది, నీళ్ళు తగ్గుతాయి, ఇంజను వేడెక్కుతుంది. ఇది ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు జరిగితే ఖర్చు. ఈదురుగాలి పడవని బండరాళ్ళ వైపు తోస్తున్నప్పుడు జరిగితే ప్రాణాలమీదకే వస్తుంది.

సరే, ఇక చరిత్రలోకి.

చెక్క ఓడల కాలంలో సమస్యలు రెండు. ఒకటి, పైన చెప్పినట్టు అడుగంతా నాచూ, గుల్లలూ పెరిగి ఓడ నత్తనడక నడవడం. రెండోది ఇంకా ఘోరం. షిప్‌వర్మ్ అనే ప్రాణి చెక్కని లోపల్నుంచి తొలిచేస్తుంది. పేరుకి పురుగే గానీ నిజానికది ఆల్చిప్పల జాతి. కొలంబస్ నాలుగో యాత్ర ఇలాగే ముగిసింది. పురుగు తొలిచేసిన ఓడలు ఇక తేలలేని స్థితికి వస్తే 1503లో జమైకా ఒడ్డుకి ఎక్కించేసి, ఏడాది పాటు ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. 1731లో హాలండులో సముద్రపు కట్టలకి దన్నుగా పాతిన దుంగలనే ఇది తినేసి దేశాన్ని హడలగొట్టింది.

దీనికి రకరకాల వైద్యాలు చేశారు. తారు పూశారు, గంధకం కలిపారు, పైన ఇంకో వరస పలచటి చెక్కలు కొట్టారు. 1670లలో ఇంగ్లండు నౌకాదళం సీసం రేకులు తొడిగి చూసింది. పురుగు ఆగింది గానీ చుక్కాని బిగించిన ఇనప సామాను తుప్పు పట్టి పోవడం మొదలైంది. రెండు వేరు వేరు లోహాలు ఉప్పునీళ్ళలో ఒకదానికొకటి తగిలితే ఒకటి రెండోదాన్ని తినేస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. వోల్టా బ్యాటరీ రావడానికి ఇంకా 120 ఏళ్ళకి పైనే ఉంది.

1761లో అలారం అనే యుద్ధనౌకకి రాగి రేకులు తొడిగారు. వెస్టిండీస్ తిరిగొచ్చాక చూస్తే పురుగూ లేదు, గుల్లలూ లేవు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. కానీ రాగి తగిలిన చోటల్లా ఇనప మేకులు పిండిపిండైపోయాయి. కొన్ని మేకులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఎందుకా అని చూస్తే, రేకులు చుట్టి తెచ్చిన మందపాటి కాగితం అక్కడక్కడా తియ్యకుండా వదిలేశారు. ఇనుముకీ రాగికీ మధ్యలో కాగితం అడ్డం ఉన్న చోట తుప్పు లేదు! పనివాళ్ళు కాగితం చింపడానికి బద్ధకించడం వల్ల దొరికిన డిబగ్ ఇన్ఫర్మేషన్ అన్నమాట.

అయినా ఇంగ్లండు ఆగలేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్స్, స్పెయిన్ కూడా ఎదురుతిరిగేసరికి ఉన్న ఓడలతోనే ఎక్కువ పని చేయించుకోవాల్సి వచ్చింది. చార్లెస్ మిడిల్టన్ అనే అధికారి పూనుకుని 1779 నుంచి మూడేళ్ళలో 300కు పైగా ఓడలకి రాగి తొడిగించాడు. 1780 జనవరిలో సెయింట్ విన్సెంట్ అగ్రం దగ్గర రాత్రిపూట స్పెయిన్ ఓడల్ని తరిమి పట్టుకోగలిగారంటే రాగి అడుగుల వేగం ఒక ముఖ్య కారణం. ఇనప బోల్టుల గొడవ 1783 తర్వాత రాగి మిశ్రమంతో చేసిన గట్టి బోల్టులు వచ్చాక సద్దుమణిగింది.

అంతా బాగానే ఉంది. ఒక్కటే బాధ, రాగి అరిగిపోతోంది. సముద్రపు నీళ్ళు రోజూ కొంచెం కొంచెం తినేస్తున్నాయి. కొన్నేళ్ళకోసారి రేకులన్నీ మార్చాలి. రాగి ఖరీదు సంగతి చెప్పక్కర్లేదు. కొన్ని ఓడల్లో త్వరగా, కొన్నిట్లో నెమ్మదిగా అరుగుతోంది. ఎందుకో తెలీదు. 1823లో నేవీ బోర్డు ఈ ప్రశ్న తీసుకెళ్ళి రాయల్ సొసైటీకి ఇచ్చింది. దానికి అధ్యక్షుడు హంఫ్రీ డేవీ. గనుల్లో పేలుళ్ళు తగ్గించే దీపం చేసినాయన, విద్యుత్తుతో సోడియం, పొటాషియం విడగొట్టినాయన.

డేవీ ఆలోచన చూడండి, ఇవాళ చదివినా ముచ్చటేస్తుంది. రాగి నీళ్ళలో కరగడం అనేది విద్యుత్తు వ్యవహారం. రాగికన్నా త్వరగా కరిగే లోహాన్ని దానికి తగిలించి ఉంచితే, కరగాల్సిన పని ఆ లోహం తన నెత్తిన వేసుకుంటుంది, రాగి క్షేమంగా ఉంటుంది. బఠాణీ గింజంత జింకు ముక్కో, చిన్న ఇనప మేకు మొనో చాలు, నలభై యాభై చదరపు అంగుళాల రాగిని కాపాడుతుందని తేల్చాడు. 1824 జనవరిలో రాయల్ సొసైటీలో ఈ సంగతి చదివి వినిపించాడు. ప్రయోగాల్లో సహాయం చేసింది ఎవరనుకున్నారు? మైకేల్ ఫారడే!

మొదట పరీక్షకి ఎక్కిన ఓడల్లో సమరాంగ్ ఒకటి. ఈ ఓడకి మన దేశంతో సంబంధం ఉంది. కొచ్చిన్‌లో టేకుతో కట్టి 1822లో నీళ్ళలోకి దింపిన ఓడ అది. 1824లో దానికి పోత ఇనుము దిమ్మెలు తగిలించి నోవా స్కోషియా పంపారు. 1825 జనవరిలో తిరిగొచ్చింది. రాగి అరగలేదు. ఓడ నిండా గుల్లలు పట్టాయని పేపర్లు రాశాయి. డేవీ పోర్ట్స్‌మత్ వెళ్ళి స్వయంగా చూసి, ఇనప దిమ్మెల చుట్టుపక్కల తప్ప ఎక్కడా లేవు, పేపర్ల రాతలు అబద్ధం అన్నాడు. ఆ ఒక్క ఓడ మట్టుకి ఆయన మాట నిజమే కావచ్చు. కానీ తర్వాత మిగతా ఓడలు ఒక్కొక్కటే డాకుకి రావడం మొదలైంది. అడుగంతా నాచు, బార్నకిల్స్. 1825లోనే సముద్రంలో తిరిగే ఓడలనుంచి దిమ్మెలు తీసెయ్యమన్నారు. రేవుల్లో కట్టేసిన ఓడలకి కొన్నాళ్ళు ఉంచి చూశారు, కదలకుండా ఉన్న ఓడలకి ఇంకా ఎక్కువ పట్టింది. 1828కి అన్నీ పీకేశారు. మరుసటి ఏడాది డేవీ జెనీవాలో చనిపోయాడు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు.

ఏం జరిగింది? చాలా సింపుల్. రాగి మీద గుల్లలు ఎందుకు పట్టవు? రాగి కరుగుతుంది కాబట్టి. కరిగిన రాగి బార్నకిల్ పిల్లకి విషం. రాగి తనని తాను కొంచెం కొంచెం ఖర్చు చేసుకుంటూ ఓడని కాపాడుతోంది. డేవీ ఆ కరగడాన్ని ఆపాడు. రాగి బతికింది, దాని కాపలా ఉద్యోగం ఊడింది. మన భాషలో చెప్పాలంటే, బగ్ అనుకుని ఫిక్స్ చేసినది అసలు ఫీచర్.

ఈ కథని చాలామంది ఒక గొప్ప శాస్త్రవేత్త అహంకారం దెబ్బతిన్న కథగా చెబుతారు. నాకు అలా అనిపించదు. డేవీ ఆలోచన తప్పు కాదు. ఇవాళ్టికీ ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మెలు తగిలిస్తారు, భూమిలో పాతిన పైపులైన్లు ఈ సూత్రంతోనే కాపాడతారు. చాలా ఇళ్ళ గీజర్లలో ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ డేవీ మనవడే. తప్పు ప్రశ్నలో ఉంది. నేవీ అడిగింది రాగి అరగకూడదని. నేవీకి కావలసింది ఓడ శుభ్రంగా ఉండాలని. ఈ రెండూ ఒకటే అని అందరూ అనుకున్నారు, నిజానికి రెండూ ఒకదానికొకటి శత్రువులు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటులో రాసింది అక్షరాలా చేసిపెట్టి, ప్రొడక్షన్‌లోకి వెళ్ళాక తిట్లు తిన్న ప్రతి ఇంజనీరుకీ డేవీ మీద కాస్త జాలి వెయ్యాలి. రాగి ఎంత మిగిలిందో తూకం వేసి చెప్పొచ్చు. ఓడ ఎంత శుభ్రంగా ఉందో కొలవడం కష్టం. కొలవగలిగేదాన్నే లక్ష్యం చేసుకుంటాం, అక్కడే దెబ్బ తింటాం.

తర్వాత ఇనప ఓడలొచ్చాయి. ఇనుముకి నేరుగా రాగి తొడిగితే ఇనుము పోతుంది, కాబట్టి పాత మందు పనికిరాలేదు. విషం కలిపిన రంగుల కోసం వేట మొదలైంది. 1870 నాటికే ఇలాంటి రంగుల మీద 300కు పైగా పేటెంట్లు వచ్చాయంటే తిప్పలు అర్థం చేసుకోండి. రాగి, పాదరసం, ఆర్సెనిక్ దేన్నీ వదల్లేదు. చివరికి 1960లలో టీబీటీ అనే తగరం సమ్మేళనం వచ్చింది. ఒకసారి పూస్తే ఏళ్ళ తరబడి చూడక్కర్లేదు. ఓడల వాళ్ళు పండగ చేసుకున్నారు.

పండగ ఖర్చు వేరేవాళ్ళు భరించారు. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్లు పెంచి బతికే కుటుంబాలకి 1970ల చివర్లో పిల్ల ఆయిస్టర్లు రావడం మానేశాయి, ఉన్నవాటి చిప్పలు వంకర్లు తిరిగాయి. పక్కనే సరదా పడవల రేవులు, వాటి అడుగున టీబీటీ రంగు. లీటరు నీటిలో ఒక గ్రాములో వంద కోట్లో వంతు ఉన్నా చాలు, కొన్ని జాతుల ఆడ నత్తలకి మగ అవయవాలు మొలుస్తున్నాయని ఇంగ్లండులో తేలింది. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకి దీన్ని నిషేధించింది. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. ప్రపంచం మళ్ళీ ఎక్కువగా రాగి రంగుల దగ్గరికే వచ్చింది, 1761 దగ్గరికే అనుకోండి.

ఇప్పుడు మన బెజ్జం దగ్గరికి వద్దాం. పడవ అడుగున గీకొచ్చు, ఏడాదికోసారి రంగు వెయ్యొచ్చు. గొట్టం లోపల బ్రష్షు ఎంత దూరం పోతుంది? అందుకే కంచుతో చేస్తారు, కంచులో రాగే ఎక్కువ కాబట్టి తన కాపలా తాను కొంత కాసుకుంటుంది. కానీ చాలా పడవల్లో కంచు ఫిట్టింగులన్నిటినీ ఒక తీగతో కలిపి జింకు దిమ్మెకి తగిలిస్తారు, తుప్పు పట్టకుండా. గుర్తుకొచ్చిందా? అచ్చంగా డేవీ చేసిన పనే! కంచు చెక్కుచెదరదు, లోపల బార్నకిల్స్ దర్జాగా పెరుగుతాయి. రేవుల్లో పడవల వాళ్ళ మధ్య తీగ ఉండాలా వద్దా అని ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. రెండువైపులా న్యాయం ఉంది. తీగ లేకపోతే, ఎక్కడన్నా కరెంటు లీకయినప్పుడు ఫిట్టింగే తినేసి పోవచ్చు. అడుగున బెజ్జం తెరుచుకుంటే పడవ మునగడమే. తీగ ఉంటే గొట్టం మూసుకుపోవచ్చు. మునగడమా, మూసుకుపోవడమా, ఎంచుకోవలసిందే. ఇత్తడి వాడితే ఇంకో తంటా, అందులోని జింకు కరిగిపోయి మిగిలింది గుల్లబారి పుటుక్కున విరుగుతుంది.

ఇక రోజువారీ మార్గాలు చాలా మామూలువి. పడవ వాడనప్పుడు కవాటం మూసెయ్యడం, లోపల చిక్కుకున్నవి ఆక్సిజన్ లేక చస్తాయి. మంచినీళ్ళతో గొట్టాలు కడగడం, ఉప్పునీటి ప్రాణులకి మంచినీళ్ళు పడవు. పడవని పైకి తీసినప్పుడు కడ్డీ పెట్టి పొడిచి గీకడం, అందినంత మేర రంగు వెయ్యడం. పెద్ద ఓడలు చేసేది మాత్రం తమాషాగా ఉంటుంది. నీళ్ళు లాగే తొట్టెలో రాగి కడ్డీలు పెట్టి, కరెంటు ఇచ్చి వాటిని కావాలని కరిగిస్తారు. ఆ రాగి నీళ్ళతో పాటు గొట్టాలన్నిటిలోకీ పోయి పిల్ల జీవుల్ని అతుక్కోనివ్వదు. డేవీ కరెంటుని రాగి కరగకుండా ఉండే వైపు తిప్పాడు, వీళ్ళు కరిగే వైపు తిప్పారు. అదే విద్యుత్ శాస్త్రం, మైనస్ గుర్తు ఒక్కటే తేడా.

ఇదంతా ఎవరో పడవలున్న ధనవంతుల గోల, మనకెందుకు అనుకోకండి. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రానికి సముద్రపు నీళ్ళు తెచ్చే సొరంగం దాదాపు 468 మీటర్లు. 1980లలో అందులో టన్నుల కొద్దీ ఆకుపచ్చ ఆల్చిప్పలు పెరిగాయి. క్లోరిన్ వేస్తే ఆల్చిప్పకి తెలిసిపోతుంది, తలుపు మూసుకుని రోజుల తరబడి కూర్చుంటుంది. మనం ఆపగానే మళ్ళీ తెరుస్తుంది. ఆపకుండా వేస్తేనే పని జరుగుతుంది.

మన విశాఖపట్నం హార్బరులో 1967లో ఒక కొత్త ఆల్చిప్ప కనబడింది. పుట్టిల్లు అటు మధ్య అమెరికా, కరీబియన్ తీరాలు. ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి గారి బృందం దాన్ని గుర్తించి నమోదు చేసింది. వీళ్ళు 1950ల నుంచే ఆ హార్బరులో ఏమేం పెరుగుతాయో అధ్యయనం చేసినవాళ్ళు. వేల మైళ్ళు ఈదుకుంటూ రాలేదు కదా, ఓడల వెంటే వచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అదే జాతి 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో దొరికింది. వాళ్ళు లాక్ గేట్లున్న మూడు మరీనాలు మూసేసి, టన్నుల కొద్దీ బ్లీచింగ్ ద్రవం, కాపర్ సల్ఫేటు గుమ్మరించి లోపల ఉన్న ప్రాణులన్నిటినీ చంపేశారు. ఇరవై లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ఖర్చు. అక్కడి పడవల్ని వెతికి పట్టుకుని పైకి లాగి అడుగు చూస్తే సరిపోలేదు, లోపలి నీటి గొట్టాలకి కూడా మందు పెట్టాల్సి వచ్చింది. దొంగ దాక్కునేది అక్కడే కదా! చివరికి గెలిచారు, ఆ ఆల్చిప్పని ఆ రేవుల్లోంచి తుడిచిపెట్టారు. విశాఖలో అది అప్పటికే దశాబ్దాలుగా స్థిరపడిపోయింది.

ఇదంతా చదివాక నాకు అర్థమయింది ఒకటే. ఖర్చు లేని రక్షణ అనేది లేదు. రాగి కరగాలి, లేదా జింకు కరగాలి, లేదా మనిషి దిగి గీకాలి. ఏదో ఒకటి అరగాల్సిందే. అరుగుదల ఆపేశాం అని ఎవరన్నా చెబితే, అది ఎక్కడికి మారిందో అడగాలి. డేవీ దగ్గర అది ఓడ అడుగుకి మారింది. టీబీటీ దగ్గర ఆర్కషాన్ ఆయిస్టర్ల రైతుల ఇంటికి మారింది. ఇవాళ మనం కరిగిస్తున్న రాగి కూడా ఎక్కడికీ పోదు, రేవు అడుగున బురదలో చేరుతుంది. దాని బిల్లు కట్టాల్సింది ఓడ యజమాని కాదు, ఆ నీళ్ళలో వల వేసేవాడు. అందుకే ఏ రంగు ఎంత విషం వదలొచ్చో తేల్చేటప్పుడు ఆ వల వేసేవాడికి కూడా ఒక కుర్చీ వెయ్యాలని నా అభిప్రాయం. మీరేమంటారు?